తండా అంటే ఊరేనా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత చరిత్ర చదివేటప్పుడు మేము పక్కన నిఘంటువు పెట్టుకుంటాం. తెలియని పాత మాట దగ్గర ఆగి అర్థం వెతుక్కోవడంలో ఒక ఆనందం ఉంది. కథ చదివినంత హాయిగా ఉంటుంది.

పాత పుస్తకాల్లో ఆదోని 'ఆదవాని'గా కనబడుతుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక దీన్ని 'దత్త మండలాలు' అన్నారు. దత్తం అంటే ఇచ్చినది. ఇచ్చింది నిజాం, పుచ్చుకుంది కంపెనీ. ఇక్కడ దున్నుకుని బతికేవాళ్లను ఎవరూ అడగలేదు. ఆ పేరు వద్దనే 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అనుకున్నారు.

భూమి లెక్కల్లో 'ఫసలీ 1210' అని ఉంటుంది. ఫసలు అంటే పంట. అది జూలైలో మొదలయ్యే పంట సంవత్సరం. దానికి 590 కలిపితే 1800 వస్తుంది. ఈ లెక్క పిల్లలకు చెప్పి చూడండి, రికార్డు తీసి తామే సంవత్సరాలు కట్టేస్తారు.

మన గిరిజనులకు దగ్గరి మాటలు ఇంకా ఉన్నాయి. 'పెరికె' అంటే ఎద్దు వీపుకు అటూ ఇటూ వేలాడే సరుకు సంచి. 'బిడారు' అంటే సరుకుతో సాగే గుంపు. హిందీలో 'టాండా' అన్నా అదే, బంజారాల ఎద్దుల బారు. ఇప్పుడు తండా అంటే సుగాలీల ఊరు. ఒకప్పుడు అది నడిచేది! ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరూ తిరిగేది. 1791–92, 1799 మైసూరు యుద్ధాల్లో కంపెనీ సేనలకు తిండిగింజలు తెచ్చిన 'బ్రింజారీలు' వీళ్లే. ఎరుకలవాళ్లలోనూ 'ఉప్పు ఎరుకల' అనే శాఖ ఉంది. వాళ్ల పని పేరులోనే ఉంది.

1871లో రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరింది. ఎద్దుల మీది బేరం క్రమంగా పోయింది. అదే ఏడు ఉత్తరాదిన నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 'తెగ, గ్యాంగు, వర్గం' అన్నవి ఆ చట్టంలోని మాటలు. నిన్న బిడారు అన్నవాళ్లను నేడు గ్యాంగు అన్నారు. మనుషులు వాళ్లే, మాట మారింది. ఆ మాటతోనే పోలీసు హాజరు, నిఘా వచ్చిపడ్డాయి.

అందుకే యువతకు, తోటి ఉపాధ్యాయులకు మా మనవి. చరిత్రలో మన గురించి ఏ మాట కనబడినా అర్థం వెతకండి. అది ఎవరు పెట్టిన మాటో అడగండి. బ్రౌణ్య నిఘంటువు, శబ్దరత్నాకరం ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లనూ అడగండి. నిఘంటువుకెక్కని మాటలు వాళ్ల నోట ఉన్నాయి.

నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అది ఏ ఫసలీయో పిల్లల చేత లెక్క కట్టించండి. 1362 వస్తుంది.