హీత్‌కిట్
అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బెంటన్ హార్బర్ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ కిట్ల పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సైనిక విడిభాగాలతో తయారైన ఆసిలోస్కోప్ కిట్‌తో 1947లో మొదలై ఆంప్లిఫయర్లు, ట్యూనర్ల దాకా సాగింది.

దీని అసలు బలం సూచనల పుస్తకం. ఏ తీగను ఎంత పొడవు కత్తిరించాలో, ఏ కొసను ఎక్కడ సోల్డరింగ్ చేయాలో చెప్పి, ప్రతి పని పక్కన టిక్కు పెట్టుకునే చోటు వదిలేవారు. రెసిస్టర్ మీది రంగు గీతలు చదవడం చాలామందికి అక్కడే అబ్బింది. తన చేత్తో బిగించిన ఆంప్లిఫయర్‌లో తొలి పాట విన్న ఆనందం కొన్న పెట్టెలో దొరకదు.

ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, యంత్రాలతో భాగాలు అమర్చే పద్ధతి వచ్చాక రెడీమేడ్ సెట్టే చవకైంది. విడిభాగాలు చేతికి చిక్కనంత చిన్నవయ్యాయి. 1992లో కంపెనీ కిట్ల తయారీ ఆపేసింది. పాత సెట్లకు కెపాసిటర్లు మార్చి మళ్లీ పలికించేవారు ఇప్పటికీ ఉన్నారు.