గురుత్వ సిద్ధాంతాల్లో స్వేచ్ఛా పరిమాణాల లెక్క

ఒక వ్యవస్థ ఏ అమరికలో ఉందో చెప్పడానికి కనీసం ఎన్ని స్వతంత్ర సంఖ్యలు కావాలో అన్నే దాని స్వేచ్ఛా పరిమాణాలు. భౌతికశాస్త్ర తరగతుల్లో వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. తెనాలి నుంచి రేపల్లెకు పోయే రైలు ఎక్కడుందో చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం రెండూ ఇవ్వవచ్చు. కానీ పట్టాలు ఆ రెంటినీ ముడివేశాయి గనుక తెనాలి నుంచి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చెబితే చాలు. పెనుమూడి దగ్గర కృష్ణలో తిరిగే పడవకు ఆ కట్టు లేదు, రెండూ కావాలి. బాపట్ల సూర్యలంక తీరాన ఎగిరే గాలిపటానికి ఎత్తు కూడా కలిసి మూడవుతాయి. రైలుకు మనం రాసుకున్నవి రెండు, స్వతంత్రమైనది ఒకటే. గురుత్వ సిద్ధాంతాల్లో చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. అక్కడ పట్టాలు కంటికి కనబడవు, సమీకరణాల లోపలి నుంచి వాటిని వెతికి తీయాలి. వెతకకుండా, రాసుకున్న రాశులను బట్టో, సులువైన ఒక సందర్భంలో కనబడిన తరంగాలను బట్టో చెప్పిన లెక్క చాలాసార్లు తప్పిందని ఈ రంగం చరిత్రే చెబుతోంది.

ఐన్‌స్టైన్ 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో గురుత్వాన్ని వర్ణించే మెట్రిక్‌కు పది అంశాలున్నాయి. పదీ స్వతంత్రం కావు. 1950లలో డిరాక్, ఆ తర్వాత ఆర్నోవిట్, డెజర్, మిస్నర్ కాలాన్నీ స్థలాన్నీ విడదీసి, ఈ సిద్ధాంతాన్ని హామిల్టోనియన్ రూపంలోకి, అంటే స్థానాలు, ద్రవ్యవేగాల భాషలోకి, తెచ్చారు. పదింటిలో నాలుగింటికి సొంత గమనం లేదు. అవి కాలాన్ని ముక్కలుగా ఎలా కోస్తామో, స్థల నిరూపకాలను ఎలా జరుపుతామో చెబుతాయి, అంతే. మిగిలిన ఆరింటికి వాటి ద్రవ్యవేగాలను జతచేస్తే పన్నెండు. నిరూపకాలను ఇష్టమొచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ వల్ల నాలుగు నియంత్రణ సమీకరణాలు పుడతాయి. ఇవి మొదటి తరగతి నియంత్రణలు, అంటే ఒక్కొక్కటి రెండేసి రాశులను తీసేస్తుంది. పన్నెండులో ఎనిమిది పోగా నాలుగు, స్థానానికీ ద్రవ్యవేగానికీ కలిపి లెక్కించాం గనుక సగం చేస్తే రెండు. గురుత్వ తరంగాల రెండు ధ్రువణాలు ఇవే.

ఈ రెండును దాటకుండా సిద్ధాంతాన్ని మార్చడం కష్టమని 1971లో లవ్‌లాక్ నిరూపణ తేల్చింది. నాలుగు పరిమాణాల దేశకాలంలో, మెట్రిక్ ఒక్కదానితో, రెండో తరగతి అవకలనాలు దాటని గురుత్వ సమీకరణాలు కావాలంటే ఐన్‌స్టైన్ సమీకరణాలు, వాటితో విశ్వ స్థిరాంకం తప్ప వేరేవి దొరకవు. కాబట్టి మార్చేవారు ఏదో ఒక షరతు వదులుకోవాలి, దానికి ధర సాధారణంగా అదనపు స్వేచ్ఛా పరిమాణమే. 1961 నాటి బ్రాన్స్–డికీ సిద్ధాంతంలో ఒక అదిశ క్షేత్రం చేరి మూడయ్యాయి. వక్రతలో ఒక ప్రమేయాన్ని తీసుకునే ఎఫ్(ఆర్) సిద్ధాంతాల్లో, 1980 నాటి స్టారోబిన్‌స్కీ నమూనా సహా, కొత్త క్షేత్రం రాయకపోయినా లెక్క మూడే. అదిశ క్షేత్రం నాలుగో తరగతి అవకలనాల్లో దాక్కుని ఉంటుంది. 1977లో స్టెల్ పరిశీలించిన వర్గ వక్రత సిద్ధాంతంలో ఎనిమిది ఉన్నాయి, వాటిలో అయిదింటికి రుణ శక్తి. అవకలనాల తరగతి పెరిగితే సాధారణంగా శక్తికి అడుగు మిగలదన్న ఫలితానికి ఆస్ట్రోగ్రాడ్‌స్కీ 1850 నాటి పనే పునాది.

లెక్క తప్పితే ఏమవుతుందో ద్రవ్యరాశి ఉన్న గ్రావిటాన్ (గురుత్వాన్ని మోసే కణం) కథ చెబుతుంది. 1939లో ఫియర్జ్, పౌలీ బలహీన క్షేత్రానికి రాసిన సమీకరణాల్లో సరిగ్గా అయిదు వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా అదే సరిపోతుందనుకున్నారు. 1972లో బౌల్‌వేర్, డెజర్ పూర్తి సిద్ధాంతాన్ని చూస్తే ఆరోది బయటపడింది. కారణం సూక్ష్మమైనది. ఐన్‌స్టైన్ సిద్ధాంతంలో కాలపు ముక్కల మధ్య దూరాన్ని చెప్పే రాశి హామిల్టోనియన్‌లో మొదటి ఘాతంలోనే ఉంటుంది గనుక, అది ఇచ్చే సమీకరణం మిగతా రాశులకు కళ్లెం వేస్తుంది. ద్రవ్యరాశి పదాన్ని మామూలుగా చేరిస్తే ఆ రాశి మొదటి ఘాతాన్ని దాటుతుంది. అప్పుడు దాని సమీకరణం దాని విలువనే చెప్పి ఊరుకుంటుంది, కళ్లెం జారిపోతుంది. అలా మిగిలిన ఆరోది రుణ శక్తితో వచ్చే దయ్యం. 2010–11లో డి రామ్, గబదాద్జె, టోలీ ప్రత్యేకమైన ద్రవ్యరాశి పదాన్ని కట్టారు. జారిన నియంత్రణ తిరిగి వచ్చిందని హసన్, రోజెన్ 2011లో నిరూపించాకే అయిదు అయిదుగా నిలిచింది.

తెలుగు నేలమీద ఈ సిద్ధాంతాలతో పనిచేసిన వాటిలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ అనువర్తిత గణిత శాఖ ఒకటి. డి.ఆర్.కె. రెడ్డి, వి.యు.ఎం. రావు, వారి సహచరులు బ్రాన్స్–డికీ, సాయెజ్–బాలెస్టర్, ఆ తర్వాత ఎఫ్(ఆర్,టి) సిద్ధాంతాల్లో బియాంకీ రకపు విశ్వ నమూనాలకు చాలా పరిష్కారాలు రాశారు. ఈ నమూనాల్లో మెట్రిక్ కాలంతో మారే రెండు మూడు ప్రమేయాలకు కుదించుకుపోతుంది. పరిష్కారం చేతికందేది అందువల్లే. అయితే స్థలంతో మారే తరంగాలను ముందే తీసేశారు గనుక సిద్ధాంతపు అసలు లెక్క ఇక్కడ కనబడదు. ఎఫ్(ఆర్,టి)లో తరచు ఎంచుకునే రూపం వక్రతకు పదార్థపు శక్తి–ద్రవ్యవేగ టెన్సర్ జాడ అయిన టి ప్రమేయాన్ని కలపడం. ఆ కలిపిన పదం పదార్థం వైపే చెందుతుందని 2019లో ఫిషర్, కార్ల్‌సన్ వాదించారు. ఆ వాదం ఒప్పుకుంటే గురుత్వానికి రెండే మిగులుతాయి, మారింది పదార్థం మాత్రమే. పరిష్కారాలు తప్పని దీనర్థం కాదు. కొత్త గురుత్వం దొరికిందన్న మాట మాత్రం నిలవదు.

పరిశీలనకు అందేది విశ్వ విస్తరణ, బలహీన తరంగాలే కదా, వాటి లెక్క చాలదా అని అడగవచ్చు. మెలికతో గురుత్వాన్ని వర్ణించే ఎఫ్(టి) సిద్ధాంతం దీనికి జవాబు. ఇక్కడ టి పదార్థపు జాడ కాదు, మెలిక నుంచి వచ్చే రాశి. ఖాళీ చదును దేశకాలం చుట్టూ చూస్తే ఇందులో రెండే తరంగాలు. పూర్తి హామిల్టోనియన్ విశ్లేషణలో మియావో లీ బృందం 2011లో అయిదు చూపింది, ఫెరారో, గుస్మాన్ 2018లో మూడన్నారు. 2020లో బ్లాగోయెవిచ్, నెస్టర్ మళ్లీ అయిదని తేల్చారు. చదునుగా ఉన్నచోట అణగిపోయిన గమనం మరోచోట లేస్తే, చదును చుట్టూ వేసిన అంచనాను నమ్మలేం. నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం కుదరని పద్ధతిని ఎలా నమ్మాలన్నది రెండో ప్రశ్న. తగాదా పద్ధతి మీద కాదు, దేశకాలపు ఒక్కో ప్రాంతంలో నియంత్రణలు ఏ తరగతికి చెందుతాయన్న దాని మీద. ఆ సంగతిని బయటపెట్టింది కూడా ఈ పద్ధతే. అలాగని మార్పు ఎప్పుడూ అదనంగా ఏదో తెస్తుందని కాదు: లిన్, ముకోయామా 2017లో కాల నిరూపకాల సౌష్ఠవాన్ని వదిలి, రెండు స్వేచ్ఛా పరిమాణాలతోనే ఐన్‌స్టైన్‌ది కాని సిద్ధాంతాలు కట్టారు.

ప్రయోగం ఈ లెక్కకు బదులు కాలేదు. 2017 ఆగస్టు 17న ఒకే మూలం నుంచి గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకు గామా కిరణాలు చేరడంతో, కాంతికి భిన్నమైన వేగం చెప్పిన అదిశ సిద్ధాంతాలు ఎన్నో కొట్టుకుపోయాయి. కానీ ఆ కొలత ఉన్న తరంగం వేగం చెప్పింది, లేని తరంగాల సంగతి కాదు. మెట్రిక్ సిద్ధాంతాల్లో ఆరు ధ్రువణాల దాకా ఉండవచ్చని 1973లో ఈర్డ్‌లీ బృందం చూపింది. అమెరికాలోని రెండు లైగో గురుత్వ తరంగ డిటెక్టర్లు దాదాపు ఒకే దిశలో ఉన్నాయి గనుక వాటితో ఆ ధ్రువణాలను విడదీయడం కష్టం. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో వచ్చే లైగో–ఇండియా అక్కడ సాయపడుతుంది. అయినా ఎల్ ఆకారపు డిటెక్టర్లు ఎన్ని ఉన్నా ఆరింటిలోని రెండు అదిశ ధ్రువణాలను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయలేవు.