సీమ సరకు – నాటు సరకు : మోటారు ప్రకటనలు మలచిన ప్రజాభిప్రాయము

తెలుగువారి వాడుకలో ‘సీమ’ అను మాటకొక చరిత్ర కలదు. సీమచింత, సీమవంకాయ, సీమసున్నము మొదలగు పదములలో అది పరదేశమునుండి వచ్చిన వస్తువును సూచించును. దానికి ప్రతిగా నిలిచిన ‘నాటు’ అను మాట మొదట స్వదేశమునకు సంబంధించినదని మాత్రమే తెలుపుచుండెను. కాలక్రమమున మోటుదనమును, తక్కువతనమును గూడ తనలో కలుపుకొన్నది. వస్తువును పరీక్షింపక ముందే దాని పుట్టుకనుబట్టి విలువకట్టు అలవాటు ఈ రెండు మాటలలో దాగియున్నది. భారతదేశమున ఆ అలవాటు మిక్కిలి స్పష్టముగా కనబడినది మోటారు కార్ల విషయమున. దానిని పెంచుటలోను, ఒక్కొక్కప్పుడు తగ్గించుటలోను వ్యాపార ప్రకటనలు వహించిన పాత్ర విచారింపదగినది.

పుట్టిన దేశము పేరుతో వస్తువునకు మేలుగాని కీడుగాని కలిగించు పద్ధతి మోటారు కంటె ముందే యున్నది. 1887లో బ్రిటిషు పార్లమెంటు సరకుల గుర్తుల చట్టమును చేసి, విదేశవస్తువులపై వాని జన్మస్థానమును తెలుపు గుర్తు ఉండవలెనని నిర్ణయించెను. జర్మను వస్తువులను ఆంగ్లేయులు గుర్తించి విడిచిపెట్టుదురని ఆ చట్టకర్తల యాశ. కాని ఆ వస్తువులు మన్నికగా నుండుటచే కొన్ని దశాబ్దములలో ఆ గుర్తే గౌరవచిహ్నమైనది. అవమానముగా తగిలించిన ముద్ర ఆభరణముగా మారినది. పేరు శాశ్వతముగా మంచిదియు గాదు, శాశ్వతముగా చెడ్డదియు గాదని దీనివలన తేలుచున్నది.

భారతదేశమునకు మోటారు కారు దొరల వాహనముగా, రాజుల వాహనముగా వచ్చినది. 1926 మొదలు ఫోర్డు సంస్థయు, 1928 మొదలు బొంబాయిలో జనరల్ మోటార్సు సంస్థయు విదేశమునుండి విడిభాగములను తెప్పించి యిచట కూర్పసాగెను. ఇంగ్లండున మోరిస్ సంస్థ తన ప్రకటనలలో స్వదేశపు కారును కొని గర్వింపుడని ఆంగ్లేయులకు బోధించుచుండెను. భారతీయునకు మాత్రము స్వదేశపు కారనునదే లేకుండెను.

ఈ కొరతను తీర్పవలెనని పట్టుబట్టినవారిలో ముఖ్యులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. కంభము, గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము వారి పూర్వుల గ్రామము. మైసూరు దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున ముద్దేనహళ్ళిలో వారు జన్మించిరి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిన ఆ మహనీయుడు, 1935లో డెబ్బది యేండ్లు దాటిన ప్రాయమున ఐరోపా, అమెరికా దేశములు తిరిగి మోటారు కర్మాగారములను పరిశీలించి వచ్చిరి. పిమ్మట వాల్‌చంద్ హీరాచంద్‌తో కలిసి ఒక పథకమును ముందుకు తెచ్చిరి. బొంబాయి కాంగ్రెసు మంత్రివర్గము సానుభూతి చూపెను గాని, 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేసెను. తరువాత మైసూరు సంస్థానము ముందుకు వచ్చినను, యుద్ధకాలపు భారత ప్రభుత్వము ప్రోత్సహింపలేదు. తుదకు 1942లో హిందుస్థాన్ మోటార్సు, 1944లో బొంబాయిలోని కుర్లాయందు ప్రీమియర్ ఆటోమొబైల్సు నెలకొనెను. 1948లో చెన్నపట్టణపు పొరుగున ఎన్నూరులో అశోక్ మోటార్సు, వండలూరు వద్ద స్టాండర్డ్ సంస్థ యేర్పడెను. ఇట్లు బొంబాయి, చెన్నపట్టణము మొదలగు తెలుగువారు తరతరములుగా నివసించుచున్న నగరములే ఈ పరిశ్రమకు నెలవులైనవి.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వవిధానము మారినది. టారిఫ్ కమిషను 1953లో ఇచ్చిన నివేదిక ననుసరించి, దేశములో తయారుచేయు సంకల్పము లేక కేవలము కూర్పుపనితో సరిపెట్టుకొను సంస్థలకు చోటు లేకపోయెను. ఫోర్డు, జనరల్ మోటార్సు దేశమును విడిచిపోయెను. కారు స్వదేశమున తయారగుట యారంభమైనది గాని, దాని ప్రతిష్ఠ మాత్రము విదేశనామముపైననే నిలిచియుండెను. 1957లో వెలువడిన అంబాసిడరు ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డునకు ప్రతిరూపము. కుర్లా కారు ఇటలీ దేశపు ఫియట్ 1100. ఆ కుర్లా కారునకు 1974లో పద్మిని యని రాణి పేరు పెట్టిరి. అయినను బొంబాయి వీధులలోను, తెలుగునాటను జనులు దానిని చిరకాలము ఫియట్ అనియే పిలిచిరి. పనివాడు మనవాడు, ఇనుము మనది, పేరు మాత్రము పరాయిది. ఒక సంస్థ ఎన్ని యేండ్లు ప్రకటించినను చెరిపివేయలేని ముద్ర ప్రజల నాలుకపై ఎట్లు నిలుచునో చెప్పుటకు ఇంతకంటె తార్కాణము వేరొకటి యక్కరలేదు.

అయితే తప్పంతయు ప్రజల మనస్సులో నున్నదనుట న్యాయము గాదు. దిగుమతులు దాదాపుగా నిలిచిపోయి, తయారీదారులు ఇద్దరు ముగ్గురే మిగిలినందున, కారు కావలసినవాడు సొమ్ము కట్టి యేండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. కొనువాడే బ్రతిమాలుచుండగా అమ్మువాడు ప్రకటించుట యెందుకు? మెరుగుపరచుట యెందుకు? అంబాసిడరులో మోత పెట్టనిది హారను ఒక్కటియే యను పరిహాసము దేశమంతట వ్యాపించినది. రాయబార కార్యాలయములవారు వాడి విడిచిన విదేశీ కార్లను ప్రభుత్వ వాణిజ్య సంస్థ అమ్మకమునకు పెట్టినపుడు, వాని కొరకు ధనవంతులు పోటీపడిరి. నాటు సరకు తక్కువదను అపోహకు ఈ విధముగా కొంత సాక్ష్యము గూడ సమకూడినది. ప్రకటన లేనిచోట పుకారే ప్రకటన యగును.

1983 డిసెంబరులో మారుతి 800 వెలువడినపుడు ఈ స్థితి కదలినది. ప్రభుత్వసంస్థయైన మారుతి, జపాను దేశపు సుజుకి సంస్థతో చేయికలిపెను. మొదటి కార్లు జపాను విడిభాగములతో కూర్పబడెను. క్రమముగా ఆ భాగములు దేశములోనే తయారైనవి. ఆదిలో జపాను నైపుణ్యమే దాని ఆకర్షణ. రానురాను సంస్థవారి ప్రకటనలు వేరొక దారి పట్టినవి: ఎంత దూరము పోయినను ఇంధనము తరుగదనియు, లడఖ్ వంటి మారుమూల కొండలలో గూడ మరమ్మతుశాల దొరకుననియు అవి చెప్పెను. ఇది గమనింపదగిన మార్పు. ఎచట పుట్టినది యను ప్రశ్నను విడిచి, ఎట్లు ఉపయోగపడును అను ప్రశ్నకు బదులిచ్చుట స్వదేశీ ప్రకటనకు గౌరవము తెచ్చినది.

పిదప విదేశసంస్థలు వరుసగా ప్రవేశించినవి. విదేశనామమొక్కటే విజయమునకు చాలునను తలంపు త్వరలోనే భగ్నమైనది. 1995లో వచ్చిన కొరియా దేశపు దేవూ సంస్థ కొద్ది యేండ్లకే మూతపడెను. అదే కొరియానుండి వచ్చిన హ్యుండయి మాత్రము చెన్నపట్టణమునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో కర్మాగారము స్థాపించి, 1998లో సాంట్రో కారును తెచ్చెను. కొరియా పేరునకు అపుడిచట ప్రతిష్ఠ లేదు. సంస్థవారు ఆ సంగతిని దాచలేదు. ప్రసిద్ధ నటుడు షారుఖ్ ఖాన్ సంస్థ ప్రతినిధిని సందేహములడుగుచున్నట్లు ప్రకటనలు తీయించి, కొనువాని మనస్సులోని అనుమానములను వారే బయటపెట్టి సమాధానము చెప్పిరి.

అదే సంవత్సరము టాటావారు దేశీయరూపకల్పనతో ఇండికాను వెలువరించిరి. తొలి కార్లపై ఫిర్యాదులు రాగా, 2001లో సవరించిన రూపమును తెచ్చిరి, ఆదరణ పెరిగినది. తరువాతి కథ మరింత చిత్రమైనది. పూనాలో తయారైన ఆ కారునే 2003 నుండి ఇంగ్లండున ఎం.జి. రోవరు సంస్థ సిటీరోవరు అను ఆంగ్లనామముతో అమ్మినది. పేరు ఆంగ్లేయమైనను, వెలకు తగిన వస్తువు గాదని అచటి విమర్శకులు తేల్చిరి. 2005లో ఆ సంస్థయే కూలిపోయెను. గౌరవనామము వస్తువునకు తొడుగు కాగలదు గాని ప్రాణము కాజాలదు.

అమెరికాలో ఇందుకు విపర్యయముగా నడచిన ఉదాహరణ కలదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు కర్మాగారమును 1984 నుండి జనరల్ మోటార్సు, టొయోటా సంస్థలు కలిసి నడపెను. అచట ఒకే పనివారి చేతిమీదుగా వెడలిన ఇంచుమించు ఒకే కారు, టొయోటా కొరోలా యను పేరుతో నొకటి, జియో ప్రిజమ్ అను అమెరికా పేరుతో నొకటి అమ్మబడెను. జపాను పేరు గలదానికి గిరాకి హెచ్చు. స్వదేశనామము గలది పాతబడినకొలది త్వరగా వెల కోల్పోయెను. ఇచట భేదము కారులో లేదు, చూచువాని కంటిలో నున్నది. స్వదేశవస్తువును తక్కువగా నెంచుట మనవారికి మాత్రమే అంటిన జాడ్యము గాదు.

మాటకు బదులు కొలతబద్ద నిలిచిన సందర్భము 2014 జనవరిలో సంభవించెను. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ భారతదేశపు చిన్నకార్లను గోడకు ఢీకొట్టించి పరీక్షించెను. మారుతి ఆల్టో, టాటా నానోలతో పాటు హ్యుండయి ఐ10, ఫోర్డు ఫిగో, ఫోక్స్‌వాగన్ పోలో కార్ల ప్రాథమిక రూపములు గూడ పెద్దల రక్షణలో సున్న నక్షత్రములే పొందెను. గాలిసంచులు అమర్చిన పోలోకు మాత్రము నాలుగు నక్షత్రములు లభించినవి. పేరు ఒక్కటే, దేశము ఒక్కటే. ప్రాణము నిలుపునట్టి భాగము ఉండుట, లేకుండుటయే భేదము. 2018 డిసెంబరులో టాటా నెక్సాను ఐదు నక్షత్రములు సాధించిన భారతదేశపు తొలి కారైనది. నాటినుండి నక్షత్రములే ప్రకటనలలో ప్రధానాంశములైనవి. 2023 అక్టోబరునుండి భారత ప్రభుత్వమే ఇట్టి పరీక్షావిధానమును నెలకొల్పినది.

నూరేండ్ల ఈ చరిత్ర తెలుపు సారమొకటి కలదు. సీమ సరకన్న మోజును, నాటు సరకన్న చిన్నచూపును ప్రకటనలు తమంత తాము సృష్టింపలేదు. ఉన్న నమ్మకమును పెంచి, దానిపై లాభము తీసినవి. తయారీదారుడు పని మెరుగుపరచిన పిదప మాటాడినపుడు ఆ నమ్మకము మారినది. మాటనే పనిగా చూపినపుడు తిరిగి బిగిసినది. విశ్వేశ్వరయ్యగారు కలగన్నది దేశీయనామము గల కారును మాత్రమే గాదు, ఏ దేశమునందైనను పరీక్షకు నిలువగల కారును. వారి పూర్వుల గ్రామమునకు దక్షిణముగా, రాయలసీమలోని పెనుకొండయొద్ద, 2019 నుండి కియా కర్మాగారమున తయారగు కార్లు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. సంస్థ కొరియావారిది, చేతులు మనవి. ‘సీమ కారు’ అనినచో ఇపుడు రాయలసీమ కారని గూడ చెప్పుకొనవచ్చును. కనుక కొనువాడు అడుగవలసినది అది యేసీమనుండి వచ్చినదని గాదు. ఎట్టి పరీక్షకు నిలిచినదని.