బ్రిండిసి: ఓడ దిగి రైలెక్కిన దారి

ఇటలీ దక్షిణ కొసన, ప్రాచీన రోమనుల అప్పియన్ రహదారి సముద్రాన్ని తాకే చోట ఉన్న బ్రిండిసి రేవుకు 1865లో రైలు మార్గం చేరింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం, 1871లో ఆల్ప్స్ పర్వతాల కింద సుమారు 13 కిలోమీటర్ల ఫ్రేజుస్ సొరంగం పూర్తికావడం ఈ చిన్న పట్టణాన్ని బొంబాయికీ లండన్‌కూ మధ్య కీలకమైన మజిలీగా మార్చాయి. పి అండ్ ఓ కంపెనీ ఓడలు 1870 నుంచి ఇక్కడ ఆగసాగాయి. భారతదేశపు తపాలా సంచులను మోసే ఈ సర్వీసును ఇటాలియన్లు ‘వలీజియా దెల్లె ఇండియే’, అంటే ‘ఇండియా తపాలా సంచి’, అని పిలిచేవారు.

జిబ్రాల్టర్ చుట్టూ ఓడలోనే సాగితే పట్టే అదనపు రోజులను తప్పించుకోదలచిన ప్రయాణికులు బ్రిండిసిలో దిగి, రేవు ఒడ్డునే వెలసిన ఈస్ట్ ఇండీస్ హోటల్‌లో సేదతీరి, ఏడ్రియాటిక్ తీరం వెంట బారీ, ఫోజ్జా, అంకోనాల మీదుగా బొలోన్యా చేరి, అక్కడి నుంచి ట్యూరిన్ దారిన ఫ్రాన్సులోకి ప్రవేశించేవారు. శయన పెట్టెల కంపెనీ వాగన్‌లీ 1890లో ఈ దారిపై పెనిన్సులర్ ఎక్స్‌ప్రెస్ అనే వారపు రైలును ప్రవేశపెట్టింది. ఇంతటి రద్దీ ఉన్నా ప్రయాణికులు నిలవక సాగిపోవడం వల్ల పట్టణానికి దక్కిన లాభం స్వల్పమనే చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధంతో, 1914లో, ఆ తపాలా సర్వీసు ఆగిపోయింది; అయినా రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని 1931 డిసెంబరులో స్వదేశానికి తిరిగివస్తూ గాంధీజీ ఓడ ఎక్కింది ఈ బ్రిండిసిలోనే.