అపలేచియన్ కొండల్లో గెరిల్లా దాడులు (1861–1865)

అమెరికా అంతర్యుద్ధ కాలంలో నార్త్ కరొలినా పడమటి కొండలు, తూర్పు టెనెసీ, కెంటకీ ఆగ్నేయ భాగం, వర్జీనియా నైరుతి కొస నాలుగేళ్లపాటు దాడులతో, ప్రతిదాడులతో అట్టుడికాయి. లింకన్ పేరుతోనూ బానిసత్వ రద్దుతోనూ ఆ యుద్ధాన్ని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ కొండల కథ చాలావరకు కొత్తే. ఇక్కడ సైన్యాలు ఎదురెదురుగా నిలిచి పోరాడిన రోజులు తక్కువ. తలుపు తట్టినవాడూ తలుపు తీసినవాడూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే ఇరుగుపొరుగువాళ్లు. ఇక పట్టుకుపోయిన సొత్తు చూస్తే ఉప్పు, మొక్కజొన్న, పంది మాంసం, దుప్పట్లు, గుర్రాలు. జెండాల గొడవకు ఎంత చోటుందో, ఆకలికి అంతకు తక్కువ లేదు.

నేపథ్యం

ఈ కొండల్లో పెద్ద పత్తి తోటలు లేవు. ఏటవాలు నేలలో మొక్కజొన్న, అడవిలో వదిలి మేపే పందులు, కాసిని పశువులు, ఇదీ రైతు ఆస్తి. 1860లో నార్త్ కరొలినా జనాభాలో మూడో వంతు బానిసలు. పడమటి కౌంటీల్లో వారి వాటా పదో వంతుకు అటూ ఇటూ. అలాగని కొండవాసులంతా బానిసత్వానికి వ్యతిరేకులని అనుకోవడం పొరపాటు. లోయల్లో మంచి భూమి ఉన్నవాళ్లు, వ్యాపారులు, వకీళ్లు ఎక్కువగా కాన్ఫెడరసీ వైపు, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల వైపు నిలిచారు. పై వాగుల వెంబడి బతికే పేద రైతుల్లో చాలామంది యూనియన్ (విడిపోని ఉత్తరాది) వైపో, ఎవరి జోలికీ పోకుండానో ఉందామనుకున్నారు. ఆ రెండోది యుద్ధం సాగనిచ్చేది కాదు.

1861 జూన్ 8న జరిగిన ఓటింగులో టెనెసీ రాష్ట్రం విడిపోవడానికి మొగ్గింది. తూర్పు టెనెసీ మాత్రం 14,780 ఓట్లకు 32,923 ఓట్లతో వద్దంది. ఆ ఏడాది నవంబర్ 8 రాత్రి, విలియం బ్లౌంట్ కార్టర్ అనే పాస్టర్ వేసిన పథకం ప్రకారం, యూనియన్ పక్షపు స్థానికులు తొమ్మిది రైలు వంతెనలు కాల్చబోయి ఐదింటిని కాల్చారు. కెంటకీ నుంచి ఉత్తరాది సైన్యం దిగి వస్తుందన్న మాట నమ్మి చేసిన పని అది. ఆ సైన్యం దారి మధ్యలోనే వెనుదిరిగింది. కాన్ఫెడరేట్ యుద్ధ మంత్రి జూడా బెంజమిన్, నేరం రుజువైనవాళ్లను ఆ వంతెనల దగ్గరే ఉరితీయమని ఉత్తర్వు పంపాడు. ఐదుగురిని ఉరితీశారు, అందులో ఒక తండ్రీ కొడుకూ ఉన్నారు. ఉత్తరాది సైన్యం నాక్స్‌విల్‌లో అడుగుపెట్టింది 1863 సెప్టెంబర్‌లో. ఈలోగా దాదాపు రెండేళ్లు అక్కడి యూనియన్ పక్షంవాళ్లు అడవులు పట్టి తిరిగారు.

1862 ఏప్రిల్ 16న కాన్ఫెడరసీ 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చే చట్టం తెచ్చింది. సెప్టెంబర్‌లో ఆ పరిమితి 45కు పెరిగింది. అక్టోబర్‌లో మరో సవరణ వచ్చింది: 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి మినహాయింపు. ఒక్క బానిసైనా లేని కొండ రైతుకు ఇది ఎంత మండిందో చెప్పనక్కర్లేదు. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, అసలు పోనేపోనివాళ్లు కొండ గుహల్లో దాక్కున్నారు. భార్యలూ తల్లులూ చీకటి పడ్డాక తిండి చేరవేశారు. దాక్కున్నవాళ్లను పట్టుకోవడం కాన్ఫెడరేట్ పక్షపు స్థానిక హోమ్ గార్డు దళాల పని. దాక్కున్నవాళ్లు తిండికీ తుపాకులకూ దాడులు చేయడం, హోమ్ గార్డు వాళ్ల ఇళ్ల మీద పడటం, దానికి మళ్లీ బదులు తీర్చుకోవడం, ఇలా సాగింది.

షెల్టన్ లారెల్

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువగా చర్చకు వచ్చిన ఘటన నార్త్ కరొలినా మాడిసన్ కౌంటీలోని షెల్టన్ లారెల్ లోయలో, 1863 జనవరిలో జరిగింది. దాని మొదలు ఉప్పు.

చలికాలంలో పందిని కోసి, మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి ఏడాదంతా తినడం ఆ కొండల రివాజు. ఉప్పు లేకపోతే మాంసం కుళ్లిపోతుంది, ఇల్లు పస్తులుంటుంది. యుద్ధంతో బయటి సరఫరా ఆగిపోయింది; దక్షిణాదికి ప్రధాన ఆధారం వర్జీనియాలోని సాల్ట్‌విల్ ఉప్పు బావులే. మాడిసన్ కౌంటీ కేంద్రమైన మార్షల్ ఊళ్లో నిల్వలున్నాయి గానీ, యూనియన్ పక్షమని ముద్రపడిన లారెల్ కుటుంబాలకు వాటా ఇవ్వలేదు. జనవరి మొదట్లో సుమారు 50 మంది కొండ దిగి మార్షల్ మీద పడ్డారు. ఉప్పు ఎత్తుకున్నారు, దుకాణాలు కొల్లగొట్టారు. అంతటితో ఆగితే కథ వేరుగా ఉండేదేమో. కాన్ఫెడరేట్ 64వ నార్త్ కరొలినా రెజిమెంటు కర్నల్ లారెన్స్ ఆలెన్ ఇంట్లోకీ చొరబడి దుప్పట్లు, బట్టలు పట్టుకుపోయారు. ఆ ఇంట్లో పిల్లలు స్కార్లెట్ జ్వరంతో పడి ఉన్నారు. కొద్ది రోజుల్లో వారిలో ఇద్దరు చనిపోయారు.

ఆ 64వ రెజిమెంటులో ఎక్కువమంది మాడిసన్ కౌంటీవాళ్లే. దాడి చేసినవాళ్లలో కొందరు అందులోంచే పారిపోయి వచ్చినవాళ్లు. అప్పటికి ఆలెన్ సస్పెన్షన్‌లో ఉండటంతో దళాన్ని నడిపింది లెఫ్టినెంట్ కర్నల్ జేమ్స్ కీత్. మంచులో లోయలోకి వెళ్లిన సైనికులకు మగవాళ్లు దొరకలేదు. ఆచూకీ చెప్పమంటూ ఆడవాళ్లను కొట్టారు, మెడకు తాళ్లు బిగించి కొన ప్రాణంతో వదిలారు. 85 ఏళ్ల ముసలామెను కూడా వదల్లేదని నాటి కథనాలు చెబుతున్నాయి. చివరికి 15 మందిని పట్టుకున్నారు. నాక్స్‌విల్ తీసుకెళ్లి విచారణ జరిపిస్తామన్నారు. దారిలో ఇద్దరు తప్పించుకున్నారు. మిగిలిన 13 మందిని జనవరి 18 ప్రాంతంలో, కొన్ని మైళ్లు నడిపించాక, ఒక వాగు పక్కన ఆపారు.

ఐదుగురిని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. సైనికులు తుపాకులెత్తడానికి తటపటాయించారు. కాల్చకపోతే మీరే వాళ్ల చోట కూర్చోవలసి వస్తుందని కీత్ బెదిరించాడు. ఇలా విడతలవారీగా అందరినీ చంపారు. చనిపోయినవారిలో పెద్దవాడికి 60 ఏళ్లు, చిన్నవాడు డేవిడ్ షెల్టన్‌కు 13. రెండు చేతులకూ గుళ్లు తగిలిన ఆ పిల్లవాడు తన తండ్రినీ అన్నలనూ చంపారని, తననైనా తల్లి దగ్గరికి పోనివ్వమని ప్రాధేయపడ్డాడు. మళ్లీ కాల్చారు. లోతులేని గోతిలో పూడ్చిన శవాలను పందులు పెళ్లగించాయి. తర్వాత బంధువులు వచ్చి మరోచోట ఖననం చేశారు. మార్షల్ దాడిలో నిజంగా పాల్గొన్నది ఈ 13 మందిలో ఐదుగురేనని తర్వాత తెలిసింది.

గవర్నర్ జెబ్యులన్ వాన్స్ కాన్ఫెడరసీ మనిషే అయినా కొండల్లో పుట్టినవాడు. ప్రభుత్వ న్యాయవాది అగస్టస్ మెరిమన్ పంపిన వివరాలు చదివి మండిపడ్డాడు, కీత్‌ను శిక్షించాలని యుద్ధ శాఖకు రాశాడు. ఖైదీలతో తనను విసిగించవద్దని నాక్స్‌విల్‌లోని జనరల్ హెన్రీ హెత్ నోటిమాటగా చెప్పాడన్నది కీత్ సమర్థన. సైన్యం అతన్ని రాజీనామా చేసి వెళ్లనిచ్చింది. యుద్ధం ముగిశాక అరెస్టయి రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఒక కేసులో నిర్దోషిగా తేలాడు. మిగతావి నడుస్తుండగా 1869 ఫిబ్రవరిలో జైలు నుంచి పరారయ్యాడు. యుద్ధకాలపు చర్యలకు ఇచ్చిన క్షమాభిక్ష అతనికీ వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఏడాది తీర్పిచ్చింది. ఈ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఫెర్గుసన్, బీటీ

టెనెసీ, కెంటకీ సరిహద్దులోని కంబర్లాండ్ పీఠభూమి మీద యుద్ధం ఇద్దరు మనుషుల పేర్ల చుట్టూ తిరిగింది. దక్షిణాది పక్షాన చాంప్ ఫెర్గుసన్, ఉత్తరాది పక్షాన ‘టింకర్ డేవ్’ బీటీ. ఫెర్గుసన్ సొంత తమ్ముడు యూనియన్ సైన్యంలో ఉన్నాడు. 1861 నవంబర్‌లో ఫెర్గుసన్ తనకు తెలిసిన విలియం ఫ్రాగ్ ఇంటికి వెళ్లాడు. ఫ్రాగ్ భార్య కుర్చీ వేసి, యాపిల్ పళ్లు తినమంది. అక్కర్లేదని లోపలికి పోయి, తట్టు సోకి మంచంలో ఉన్న ఫ్రాగ్‌ను కాల్చి చంపాడు. యుద్ధం తర్వాత నాష్‌విల్‌లో సైనిక న్యాయస్థానం 53 హత్యల ఆరోపణపై అతన్ని విచారించింది. సాక్షుల్లో బీటీ ఒకడు. 1865 అక్టోబర్ 20న ఉరితీశారు. బీటీ మనుషులు చేసిన పనులకు విచారణే లేదు. గెలిచిన పక్షం కావడమే అందుకు కారణమనిపిస్తుంది.

ఇలాంటి ముఠాలను ఏమనాలో రెండు ప్రభుత్వాలూ తేల్చుకోలేకపోయాయి. 1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరసీ చట్టం చేసి మరీ గెరిల్లా దళాలను ప్రోత్సహించింది. దోపిడీలు శ్రుతిమించడంతో 1864 ఫిబ్రవరిలో రద్దు చేసింది. ఉత్తరాది 1863లో ప్రకటించిన లీబర్ నియమావళి, సైన్యంలో భాగం కాకుండా దాడులు చేసి మళ్లీ ఇంటి పనుల్లో పడేవాళ్లను దారిదోపిడీగాళ్లుగా చూడమంది. కొండల్లోని ముఠాల్లో చాలామంది ఆ నిర్వచనం కిందికే వచ్చేవాళ్లు.

ఆడవాళ్లు, ఆకలి

గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ ప్రాంతపు మలిండా బ్లేలాక్ 1862 మార్చిలో మగవేషం వేసుకుని, సామ్ అన్న పేరుతో, భర్త కీత్ బ్లేలాక్‌తో పాటు 26వ నార్త్ కరొలినా రెజిమెంటులో చేరింది. ఆ రెజిమెంటుకు అప్పటి కర్నల్ తర్వాత గవర్నరైన వాన్సే. భర్త ఒళ్లంతా విషపు ఆకు రుద్దుకుని బొబ్బలు తెచ్చుకుని సైన్యం నుంచి బయటపడ్డాడు. మలిండా తాను ఆడదాన్నని చెప్పేసింది. తర్వాత ఇద్దరూ యూనియన్ పక్షపు గెరిల్లాలై, పారిపోయి వచ్చినవాళ్లను టెనెసీకి దాటించారు, పగవాళ్ల ఇళ్లపై దాడులు చేశారు.

ఇంతకంటే ఎక్కువ చెప్పే ఘటన 1864 ఏప్రిల్‌లో యాన్సీ కౌంటీలోని బర్న్స్‌విల్‌ది. సుమారు 50 మంది ఆడవాళ్లు కలిసి వచ్చి ప్రభుత్వ గిడ్డంగి నుంచి 60 బుషెల్స్ గోధుమలు తీసుకుపోయారు. మర్నాడే ఒక సాయుధ ముఠా అదే ఊరి మీద పడింది. అప్పటికి ఆ కౌంటీలో మగదిక్కు లేని ఇళ్లే ఎక్కువ.

అదే ఏడాది జూన్‌లో టెనెసీ నుంచి యూనియన్ పక్షపు జార్జ్ కర్క్ దళం కొండలు దాటివచ్చి మోర్గాంటన్ దగ్గరి కాన్ఫెడరేట్ శిబిరం క్యాంప్ వాన్స్‌ను పట్టుకుంది. బందీల్లో ఎక్కువమంది కొత్తగా చేరిన కుర్రాళ్లు. యుద్ధం ముగిసినా కర్క్ పేరు మరుగున పడలేదు. 1870లో నార్త్ కరొలినా గవర్నర్ హోల్డెన్ తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ అణచివేతకు అతన్నే పిలిపించాడు. ఆ చర్య చివరికి హోల్డెన్ పదవికే ఎసరు తెచ్చింది. అభిశంసన విచారణ తర్వాత 1871లో అతన్ని తొలగించారు.

తర్వాతి చరిత్ర

ఈ దాడులను చాలాకాలం కొండవాసుల మొరటుతనంగా కొట్టిపారేశారు. 1981లో ఫిలిప్ పలుడన్ షెల్టన్ లారెల్‌పై రాసిన ‘విక్టిమ్స్’ ఆ ధోరణిని మార్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది. చార్లెస్ ఫ్రేజియర్ నవల ‘కోల్డ్ మౌంటెన్’ (1997), దాని ఆధారంగా 2003లో వచ్చిన సినిమా హోమ్ గార్డు దౌర్జన్యాలను ప్రపంచానికి చూపాయి. నార్త్ కరొలినా కొండలుగా ఆ సినిమాలో కనిపించేవి చాలావరకు రుమేనియావి.

ఇళ్లు గుల్లైన కుటుంబాలకు దక్కింది తక్కువ. 1871లో అమెరికా కాంగ్రెస్ ఏర్పరిచిన సదరన్ క్లెయిమ్స్ కమిషన్‌కు 22 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దక్షిణాదిలో ఉంటూ యూనియన్‌కు విధేయులుగా ఉన్నట్టు సాక్షులతో రుజువు చేసుకోవాల్సి వచ్చేది. అయినా పరిహారం ఇచ్చింది ఉత్తరాది సైన్యం అధికారికంగా తీసుకున్న గుర్రాలకూ ధాన్యానికీ మాంసానికే. గెరిల్లాలు పట్టుకుపోయినవి లెక్కలోకి రాలేదు. చాలా దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. ఆ విచారణల్లో రైతులూ వితంతువులూ ఇచ్చిన వాంగ్మూలాలే ఈ ప్రాంతపు యుద్ధకాలంపై నేటి చరిత్రకారులకు ముఖ్య ఆధారాల్లో ఒకటి.