తోలు చేసిన మేలు



మోటబావి తొండము తోలుది. కాలి చెప్పు తోలుది. పండుగకు మ్రోగు డప్పు తోలుది. పూర్వము తోలు లేక మన పల్లెలలో సేద్యమే సాగలేదు. అయినను పచ్చితోలును శుద్ధిచేయు పనివారిని మనము ఊరి వెలుపలనే ఉంచితిమి. ఆ పచ్చితోలే, నిప్పుచే కాలిన మనుష్యుని మేనిపై క్రొత్త చర్మము పెరుగుటకు ఆధారమైన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

చర్మము దేహమునకు కోటగోడ. లోని నీరు వెలికి పోకుండ, వెలుపలి సూక్ష్మజీవులు లోనికి రాకుండ అది కాపాడును. కాలిన గాయము విస్తారమైనచో ఈ రెండు కాపుదలలును ఒక్కసారిగా పోవును. రోగి ప్రాణమునకే ముప్పు వచ్చును. వైద్యుడు రోగి తొడనుండియో వీపునుండియో పలుచని చర్మమును తీసి గాయముపై అతుకును. మరి మేనిలో ముక్కాలు పాలు కాలిన వానికి చర్మమును ఎచ్చటినుండి తేవలెను? ఇతరుల చర్మమును వేసినచో కొలది వారములలో దేహము దానిని త్రోసివేయును. వైద్యులను చిరకాలము బాధించిన చిక్కు ఇదియే.

గాయమును కప్పు విద్య మనకు క్రొత్తది కాదు. సుశ్రుత సంహితలో కట్టు కట్టుటకు పనికివచ్చు వస్తువుల పట్టిక కలదు. అందు అవిసెనార బట్ట, నూలుబట్ట, ఉన్ని, పట్టు మొదలగువానితో పాటు తోలును పేర్కొనబడినది. కాని ఆ కట్టులు పైకప్పులు మాత్రమే. క్రొత్త చర్మము అల్లుకొనుటకు అవి ఆధారము కాజాలవు. గాయము ఎండిన గాని మానదని ప్రజలే గాక వైద్యులును చాలకాలము నమ్మిరి. 1962లో జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు పందుల చర్మముపై పరీక్షలు జరిపి, పలుచని పొర కప్పి తడి ఆరకుండ ఉంచిన గాయము, పక్కు కట్టిన గాయముకంటె రమారమి రెండింతల వేగముతో పైచర్మమును పొందునని చూపెను.

కప్పుటకు తగిన వస్తువు ఏది? చర్మమునకు బలమిచ్చు పదార్థమునకు కొల్లాజెన్ అని పేరు. గ్రీకు భాషలో ఈ మాటకు జిగురును పుట్టించునది అని అర్థము. వడ్రంగులు కొయ్యలను అతికించుటకు వాడిన తోలుబంక దీనిని ఉడికించగా వచ్చినదే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు దీని నిర్మాణమును వివరించిరి. మూడు పోగులు ముప్పిరిత్రాడువలె పేనుకొనియుండును. లాగినను తెగని బలము దానికి అందుచేతనే కలిగినది. పశువు కొల్లాజెను మనుష్యుని కొల్లాజెనును మిక్కిలి పోలియుండును గావున మన దేహము దానిని అంతగా ద్వేషింపదు.

ఈ గుణమును ఆధారముగా గొని అమెరికాలోని బోస్టన్ నగరమున జాన్ బర్క్ అను శస్త్రవైద్యుడును, గ్రీసు దేశమున జన్మించిన ఐయోనిస్ యానస్ అను శాస్త్రజ్ఞుడును కూడి రెండు పొరల కృత్రిమ చర్మమును నిర్మించిరి. ఆవుతోలునుండి తీసిన కొల్లాజెనును పలుచని ఆమ్లములో ఉబ్బజేసి, సొరచేప మెత్తని యెముకనుండి తీసిన పదార్థమును చేర్చి, మంచుగా గడ్డకట్టించి, ఆ మంచును నీరు కానీయకయే ఆవిరిగా పోజేసిరి. మంచుకణములున్న తావులు సన్నని రంధ్రములై అది స్పంజివలె తయారైనది. దానిపై నీరు మితిమీరి పోనీయని సిలికోను పొరను వేసిరి. దీనిని గాయముపై పరచినచో, పందిరిపై తీగవలె, క్రింది మాంసమునుండి రక్తనాళములును కణములును ఆ రంధ్రములలో ప్రాకి తమ సొంత కొల్లాజెనును నేయును. పందిరి క్రమముగా కరగిపోవును, తీగ నిలుచును. కొన్ని వారములకు పైపొరను ఒలిచి, రోగి చర్మమునుండియే మిల్లీమీటరులో పదవవంతు మందముగల పొరను తీసి అతుకుదురు. అంత పలుచగా తీసిన చోటు త్వరగా మాని, మరల చర్మము నీయగలదు. దేహమున నూటికి 50 మొదలు 95 పాళ్లు కాలిన పదిమందికి దీనిని వాడిన వివరములను వారు 1981లో ప్రకటించిరి. 1996లో అమెరికా ప్రభుత్వము దీనికి అనుమతి నిచ్చెను.

ఇందలి కీలకము తోలుపనివాని విద్యయే. పచ్చితోలు కుళ్లును, తంగేడు చెక్క కషాయములో ఊరినది కుళ్లదు. ఆ కషాయము తోలులోని పోగులను ఒకదానితో నొకటి బంధించుటయే కారణము. చెప్పు ఏండ్ల తరబడి నిలువవలెను; గాయముపై పొర కొన్ని వారములు నిలిచి కరగవలెను. ముందే కరగినచో ఆధారము పోవును. కరగకున్నచో పరాయి వస్తువై బాధించును. ఎంత బంధించిన ఎన్నాళ్లు నిలుచునో ఎరుగుటయే ఇందలి నేర్పు.

మద్రాసులో 1948లో స్థాపింపబడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థయు ఈ మార్గమున పనిచేసి, కొల్లాజెను పొరలను సిద్ధపరచినది. తెనాలి ప్రాంతపు యలవర్రులో రైతుబిడ్డగా 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958 మొదలు 1971 వరకు ఆ సంస్థకు సంచాలకులుగా నుండిరి. నేడు మన దేశపు ఆసుపత్రులలో ఇట్టి పొరలను కాలిన గాయములపై వాడుచున్నారు.

ఇది సర్వరోగహరము కాదు. చీము పట్టిన గాయముపై ఇది నిలువదు. క్రొత్త చర్మమున చెమట గ్రంథులు గాని రోమములు గాని పుట్టవు. ఏ పొరయైనను ఫలింపవలెనన్న తొలి గడియలోని జాగ్రత్త ముఖ్యము. కాలిన వెంటనే ఇరువది నిమిషములు చల్లని మంచినీరు పోయుడు, మంచుగడ్డ పెట్టకుడు, బూడిద, పేడ, సిరా పూయకుడు, శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి చేర్చుడు.

తోలుపనిని హీనమని తలచువారు ఇంకను ఎవరైన ఉన్నచో, కాలిన బిడ్డ మేనిపై వైద్యుడు పరచు ఆ పలుచని పొర ఎచ్చటినుండి వచ్చినదో ఒకమారు విచారింతురు గాక.