తెర మీద కుంచె పుట్టిన కథ

1973 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో, రిచర్డ్ షౌప్ అనే ఇంజనీరు ఒక అట్టముక్క పట్టుకుని వీడియో కెమెరాకు ఎదురుగా కనబడ్డారు. ‘పనిచేస్తోంది, ఏదో కొంతవరకు’ అనే అర్థం వచ్చే మాటలు దాని మీద రాసి ఉన్నాయి. ఆయన తయారుచేసిన సూపర్‌పెయింట్ యంత్రం పట్టి దాచుకున్న మొదటి బొమ్మ అదే. ఇవాళ నూనెరంగు, నీటిరంగు, బొగ్గు అంటూ వందల బ్రష్‌లు దించుకుని గీసి చూసే వాళ్లందరూ ఎక్కడో ఒకచోట ఆ యంత్రానికి బాకీ ఉన్నవాళ్లే.

అంతకు పదేళ్ల ముందే, 1963లో, ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ కాంతి కలంతో కంప్యూటర్ తెర మీద గీతలు గీసి చూపించారు. ఆ స్కెచ్‌ప్యాడ్ ఇంజనీర్లకు పనికొచ్చే గీతలదే తప్ప రంగుల పని కాదు. రంగు పులమాలంటే తెర మీది ప్రతి చుక్కా ఏ రంగులో ఉందో గుర్తుపెట్టుకునే మెమరీ కావాలి. దాన్ని ఫ్రేమ్ బఫర్ అంటారు. షౌప్ యంత్రానికి అడ్డంగా 640, నిలువుగా 480, మొత్తం మూడు లక్షల పైచిలుకు చుక్కలు. మెమరీ ధర మనిషికి చుక్కలు చూపిస్తున్న ఆ రోజుల్లో ఒక్కో చుక్కకు 8 బిట్లు కేటాయించి, ఒకేసారి 256 రంగులు వాడుకునే వీలు కల్పించారాయన.

కంపెనీకి మాత్రం రంగుల మీద మోజు లేదు. ఆఫీసు కాగితాలు నలుపు తెలుపుల్లోనే కదా ఉండేది! సూపర్‌పెయింట్‌తో రాత్రింబవళ్లు బొమ్మలు వేసిన ఆల్వీ రే స్మిత్ కొద్దికాలానికే బయటికి రావలసి వచ్చింది. ఆయన న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి, మూడు ఫ్రేమ్ బఫర్లను జోడించి చుక్కకు 24 బిట్ల పెయింట్ ప్రోగ్రాం రాశారు. తర్వాత పిక్సార్‌ను స్థాపించినవాళ్లలో ఆయనా ఒకరు.

ఇంతకీ ఆ కుంచె లోపల ఏముంది? వెంట్రుకలూ లేవు, రంగూ లేదు. ఒక చిన్న ఆకారం ఉంటుంది, అంతే. చెయ్యి కదిలినకొద్దీ కంప్యూటర్ ఆ ఆకారాన్ని వెంట వెంటనే ముద్రలుగా వేస్తూ పోతుంది. ముద్రలు దగ్గర దగ్గరగా పడితే కంటికి గీతలా కనిపిస్తుంది. ఫోటోషాప్‌లో మామూలు బ్రష్ తీసుకుంటే, ముద్రకూ ముద్రకూ మధ్య ఎడం బ్రష్ వెడల్పులో 25 శాతం. ఆ అంకెను 100 దాటించి గీస్తే గుట్టు బయటపడుతుంది. గీత కాస్తా తెగిన పూసల దండలా విడిపోతుంది. యాభై ఏళ్లలో వచ్చిన హంగులు ఎన్నున్నా, నేటి బ్రష్‌లలో ఎక్కువ భాగం ఈ ముద్రల మీదే నడుస్తున్నాయి.

1981లో ఇంగ్లండ్‌కు చెందిన క్వాంటెల్ కంపెనీ ‘పెయింట్‌బాక్స్’ తెచ్చింది. ప్రత్యేకమైన యంత్రం, పలక, ఒత్తిడిని గుర్తించే కలం అన్నీ కలిపి అమ్మేవారు. ఖరీదు టీవీ స్టేషన్లు మాత్రమే భరించగలిగేది. వాతావరణ పటాలూ, కార్యక్రమాల టైటిళ్లూ దాని మీదే తయారయ్యాయి. 1987లో బీబీసీ డేవిడ్ హాక్నీ వంటి పేరున్న చిత్రకారులను ఆ యంత్రం ముందు కూర్చోబెట్టి, వాళ్లు బొమ్మ వేస్తుండగా చిత్రీకరించి ధారావాహికగా ప్రసారం చేసింది.

కుంచెకు హక్కుదారు ఎవరన్న తగవు కూడా ఈ యంత్రంతోనే వచ్చింది. పెయింట్‌బాక్స్ పేటెంట్లను ఫోటోషాప్ ఉల్లంఘించిందంటూ క్వాంటెల్ అమెరికాలో దాని తయారీదారు అడోబీ మీద దావా వేసింది. ఈ పనులన్నీ 1970లలోనే చేసి చూపించామని పాతకాలపు పెయింట్ ప్రోగ్రాముల వాళ్లు ముందుకొచ్చారు. 1997లో జ్యూరీ ఆ పేటెంట్లు చెల్లవని తేల్చింది.

ఈలోగా కుంచె ఇళ్లలోకి వచ్చేసింది. 1984లో మ్యాకింటోష్‌తో పాటు బిల్ ఆట్కిన్సన్ రాసిన మ్యాక్‌పెయింట్ వచ్చింది. ఉన్నవి నలుపూ తెలుపూ మాత్రమే. మరుసటి ఏడాది అమీగా కంప్యూటర్‌కు డాన్ సిల్వా డీలక్స్ పెయింట్ రాశారు. అందులో బొమ్మలోని ఏ ముక్కనైనా ఎత్తి దాన్నే కుంచెగా వాడుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన బ్రష్‌తో సరిపెట్టుకోకుండా ఎవరి బ్రష్ వాళ్లు చేసుకునే అలవాటుకు ఇది గొప్ప ఊతం. 1985 జూలైలో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో అమీగాను విడుదల చేసినప్పుడు చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీదే గాయని డెబీ హ్యారీ బొమ్మకు రంగులు నింపారు. ఆయన సొంత ఫ్లాపీల్లో ఉండిపోయిన బొమ్మలు 2014లో గానీ బయటపడలేదు.

వార్హోల్ చేతిలో ఉన్నది మౌస్. మౌస్‌కు చోటు తెలుస్తుంది గానీ ఒత్తిడి తెలియదు. మెల్లగా తాకినా గట్టిగా నొక్కినా గీత ఒక్కటే. పెయింట్‌బాక్స్ కొనలేనివాళ్లకు ఈ చిక్కును విప్పింది జపాన్‌లో 1983లో మొదలైన వాకమ్. ఈ కంపెనీ కలానికి తీగ లేదు, బ్యాటరీ లేదు. పలక కింది తీగల అల్లిక విద్యుదయస్కాంత సంకేతం పంపితే, కలంలోని తీగచుట్ట ఆ శక్తినే అందుకుని బదులిస్తుంది. మొన మీద ఒత్తిడి మారితే బదులూ మారుతుంది. 1998లో వచ్చిన ఇంట్యుయోస్ కలం ఒత్తిడిని 1,024 మెట్లుగా విడదీసి చదివింది.

చెయ్యి సంగతి అలా తేలింది. ఇక వెంట్రుకల సంగతి. ఎంఐటీలో స్టీవ్ స్ట్రాస్‌మన్ 1986లో ప్రచురించిన పరిశోధన జపాన్ సిరా చిత్రాల కుంచెను లెక్కల్లోకి దించింది. కుంచెలోని ప్రతి వెంట్రుకకూ విడిగా ఒక చోటు, విడిగా కొంత సిరా. గీత సాగుతుంటే కొన్ని వెంట్రుకలు ముందే ఆరిపోయి చారలు పడతాయి. 1991లో మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్ ‘పెయింటర్’ ప్రోగ్రాంతో కాగితం గరుకుదనాన్నీ తెర మీదికి తెచ్చారు. ఆ ప్రోగ్రాంను రంగు డబ్బాలో పెట్టి అమ్మారు. దుకాణంలో చూసినవాళ్లకు అదేమిటో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

2002లో ఫోటోషాప్ 7 బ్రష్‌ల విభాగాన్ని కొత్తగా కట్టింది. ముద్రల పరిమాణం, కోణం, చెదురు, గరుకు అన్నీ వాడేవాళ్లే మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఫైలుగా దాచి స్నేహితులకు ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. దాంతో బ్రష్‌ల తయారీ సొంత వృత్తిగా ఎదిగింది. అమెరికన్ ఇలస్ట్రేటర్ కైల్ వెబ్‌స్టర్ ముందు తన పని కోసం చేసుకున్న బ్రష్‌లను తోటివాళ్లకు అమ్మసాగారు. 2017లో అడోబీ ఆ బ్రష్‌లన్నిటినీ కొనేసి, ఆయన్నీ ఉద్యోగంలో చేర్చుకుంది. అదే ఏడాది ఓస్లోలోని మ్యూజియంలో భద్రపరచిన చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ కుంచెలను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, వాటి అరుగుదలతో సహా డిజిటల్ బ్రష్‌లుగా మార్చారు. దీనికి పూర్తి భిన్నమైన దారి ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ రెవ్వాది. ఆయన తన బ్రష్‌లను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పంచారు. 2018లో వచ్చిన క్రిటా 4 పెయింట్ ప్రోగ్రాంలో వాటిలో చాలా భాగం చేరిపోయాయి.

బ్రష్‌లు ఇలా ఎన్నో చేతుల నుంచి వస్తాయి, అందుకే కొత్త బ్రష్ సెట్ చేతికి రాగానే అనుభవం ఉన్నవాళ్లు బొమ్మ మొదలుపెట్టరు. ముందు ఒక పొడవాటి వంకర గీత గీస్తారు, మెల్లగా మొదలెట్టి, మధ్యలో నొక్కి, చివర వదిలేస్తూ. మొన సన్నబడటంలో తొట్రుపాటు ఉందేమో చూస్తారు. వేగంగా చెయ్యి విసిరి ముద్రలు విడిపోతున్నాయా అని చూస్తారు. అదే చోట రెండు మూడుసార్లు పులిమి, గరుకు ప్రతిసారీ ఒకే తీరుగా పడుతోందా, పైన పైన పేరుకుపోతోందా అని గమనిస్తారు. ఆ తర్వాత నీలం మీద పసుపు కలిపి చూస్తారు.

చాలా ప్రోగ్రాములు బోర్లా పడేది ఇక్కడే. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ అని బడిపిల్లలకు తెలుసు. కంప్యూటర్ మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల సగటు తీస్తుంది. ముదురు నీలానికీ నిండు పసుపుకూ సగటు బూడిదరంగు. రంగుపొడి కాంతిని ఎంత పీల్చుకుంటుంది, ఎంత వెదజల్లుతుంది అన్న లెక్కను కుబెల్కా, మంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1931లోనే కట్టారు. ఈ మంక్ వేరు, చిత్రకారుడు వేరు. ఆ లెక్కను మామూలు పెయింట్ ప్రోగ్రాములు మోయగలిగేంత తేలిక చేసే పద్ధతిని 2021లో చెక్ పరిశోధకులు షార్కా సోఖోరోవా, ఓండ్రెయ్ యామ్రిష్కా ప్రచురించారు. స్లొవేకియాలో తయారయ్యే రెబెల్ ప్రోగ్రాం దాన్ని వెంటనే అందిపుచ్చుకుంది. అందులో నీలం మీద పసుపు లాగితే ఆకుపచ్చ వస్తుంది. పాత పద్ధతినే నమ్ముకున్న ప్రోగ్రాముల్లో ఎంత ఖరీదైన బ్రష్ సెట్ వేసుకున్నా బూడిదే మిగులుతుంది.